రెండు బ్రూవరీలు కలిసి చేసిన హేజీ ఐపీఏకి నేను 3.5 వేశాను, మీరైతే ఎంత వేస్తారు?

చేదుప్రియ:

రెండు బ్రూవరీలు కలిసి కాచిన ఐపీఏ (ఇండియా పేల్ ఏల్, హాప్స్ దట్టించే బీర్) ఒకటి తాగాను. పేర్లు చెప్పను, చెబితే అందరూ బీర్ వదిలేసి పేర్ల మీద పడతారు. ఒకళ్ళు చేదు గట్టిగా ఉండే వెస్ట్ కోస్ట్ ఐపీఏలకి పేరుమోసినవాళ్ళు. రెండోవాళ్ళు మబ్బుగా, పండ్లరసంలా ఉండే హేజీలు తప్ప పెద్దగా ఏమీ చెయ్యరు. ఇది హేజీ. ఆల్కహాల్ 6.8 శాతం, హాప్స్ (బీర్‌కి చేదు, వాసన ఇచ్చే పూలు) సిట్రా, మొజాయిక్, నెల్సన్ సావిన్. క్యాన్ మీద తేదీ చూస్తే నింపి వారం కూడా కాలేదు.

తాగుతూ రాసుకున్నది ఉన్నదున్నట్టు పెడుతున్నా.

రంగు లేత పసుపు. గ్లాసు వెనక వేలు పెడితే కనపడదు. నురగ తెల్లగా, చిక్కగా, చివరి గుక్క దాకా గ్లాసుని వదల్లేదు. వాసన దగ్గర మాత్రం కాసేపు ఆగిపోయాను. మూత తీయగానే పంపరపనస తొక్క, దాని వెనకే బాగా ముగ్గిన జామపండు, అడుగున ఎక్కడో తెల్ల ద్రాక్ష. ఆ ద్రాక్ష నెల్సన్‌దే అనుకుంటా. చల్లదనం తగ్గేకొద్దీ ఉల్లి వాసన కూడా లీలగా తగిలింది. రుచి ముందు తీపి, మధ్యలో పండు, ఆ తర్వాత చేదు వస్తుందని చూస్తే రాలేదు. దాని బదులు మింగాక గొంతులో గీరినట్టు ఒక మంట. నోట్లో మెత్తగా ఉంది, ఓట్స్ వేసుంటారు.

5కి 3.5 వేశాను. బీర్లకి మార్కులేసే యాప్‌లో సగటు 4.3 ఉంది! నా నాలుకే తేడానా, లేక రెండు పెద్ద పేర్లు ఒకే క్యాన్ మీద చూసి జనం చెయ్యి జారుస్తున్నారా? ఇంకో సంగతి, ఆ వెస్ట్ కోస్ట్ వాళ్ళ చెయ్యి ఇందులో ఎక్కడుందో నాకు దొరకలేదు. కొలాబ్ (కలిసి చేసిన బీర్) అన్నాక ఇద్దరి జాడా తెలియాలి కదా?

కాగు_దగ్గరోడు:

మొదట క్యాన్ తిప్పి, ఎవరి దగ్గర కాచారో చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూడండి. సగం వీళ్ళూ సగం వాళ్ళూ కాచి కలపడం చాలా అరుదు. మామూలుగా జరిగేది ఏమిటంటే, రెసిపీ ఇద్దరూ కూర్చుని రాసుకుంటారు, కాచే రోజు అతిథులు వచ్చి ఫోటోలు దిగి వెళ్తారు. ఆ తర్వాత పులియబెట్టడం, డ్రై హాపింగ్ (చల్లారాక హాప్స్ వేయడం), క్యాన్లు నింపడం అంతా ఇంటివాళ్ళదే. యీస్ట్ వాళ్ళది, నీళ్ళు వాళ్ళవి. నీళ్ళని తీసిపారేయకండి. సల్ఫేట్ ఎక్కువ ఉంటే చేదు పదునుగా, పొడిగా తెలుస్తుంది. క్లోరైడ్ ఎక్కువైతే నోరు మెత్తగా నిండుతుంది. 19వ శతాబ్దంలో ఇండియాకి ఓడలెక్కిన పేల్ ఏల్స్‌కి ఇంగ్లండ్‌లోని బర్టన్ ఊరు అంత పేరు తెచ్చుకోవడానికి అక్కడి జిప్సం (సల్ఫేట్ ఉండే ఖనిజం) నీళ్ళే పెద్ద కారణం.

2018లో కాలిఫోర్నియాలో క్యాంప్ ఫైర్ అనే కార్చిచ్చు తర్వాత సియెర్రా నెవాడా బ్రూవరీ వాళ్ళు రెసిలియన్స్ అనే ఐపీఏ రెసిపీని అందరికీ ఇచ్చేశారు, బాధితుల సాయం కోసం. 1,400కి పైగా బ్రూవరీలు కాచాయి. రెసిపీ ఒక్కటే, కానీ కాగు మారి, నీళ్ళు మారాక అదే బీర్ ఎలా వస్తుంది? ఇద్దరి బీరూ నిజంగా ఒకే సీసాలో కావాలంటే అవేరీ, రష్యన్ రివర్ అనే బ్రూవరీలు చేసింది ఉంది. ఇద్దరి దగ్గరా సాల్వేషన్ అనే పేరుతో బీర్ ఉండేది. కోర్టుకెక్కకుండా రెండూ కలిపేసి 2006లో కొలాబరేషన్ నాట్ లిటిగేషన్ అని అమ్మారు. అది ఐపీఏ కాదులెండి, బెల్జియన్ తరహా.

ఇక చేదు. హాప్స్‌లోని ఆల్ఫా ఆమ్లాలు మరుగుతున్న వోర్ట్‌లో (ఇంకా పులియబెట్టని మాల్ట్ రసం) రూపం మారితేనే మనకి తెలిసే అసలు చేదు పుడుతుంది. హేజీలో హాప్స్ చాలావరకు మంట ఆపాకో, చల్లారాకో వేస్తారు. వాసన ఉంటుంది, చేదు తక్కువ. మీ వెస్ట్ కోస్ట్ వాళ్ళు మాయమైంది అక్కడే.

గొంతు మంటని మేం హాప్ బర్న్ అంటాం. డ్రై హాప్స్ దట్టించినప్పుడు పాలీఫినాల్స్ (హాప్స్‌లోని వగరు పదార్థాలు), సన్నటి హాప్ నుసి కిందకి దిగకముందే నింపేస్తే వస్తుంది. ఇంకో క్యాన్ ఉంటే ఫ్రిజ్‌లో నిలువుగా పెట్టి, ఒకట్రెండు వారాలు ఆగి, అడుగు కదలకుండా పోసుకోండి. నెలలు మాత్రం ఆగకండి. లోపల మిగిలిన కాస్త ఆక్సిజన్ చాలు, పసుపు కాస్తా మట్టి రంగుకి తిరిగి, జామపండు పోయి తడి అట్ట వాసన మిగులుతుంది.

మార్కుల_మాస్టారు:

యాప్ సగటుతో పోల్చుకుని బెంగపడకండి. కొలాబ్ క్యాన్‌ని వెతుక్కుంటూ వెళ్ళి కొనేవాడు ముందే సగం ప్రేమలో ఉంటాడు. పైగా అక్కడ ఎవరి కొలబద్ద వాళ్ళదే.

మీ నోట్సుకి నేను బీజేసీపీ (బీర్ పోటీల జడ్జీల సంస్థ) పద్ధతిలో మార్కులు వేసి చూశాను. మొత్తం 50, అందులో వాసనకి 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో ఎలా ఉందన్నదానికి 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. వాసనకి 9 ఇచ్చాను, ఉల్లి వల్ల తగ్గించాను. రూపానికి 3కి 3. రుచికి 13, నోటికి 3, మొత్తం మీద 7. కలిపితే 35. వాళ్ళ లెక్కలో 30 నుంచి 37 దాకా 'వెరీ గుడ్'. 5కి మారిస్తే మీ 3.5 అచ్చంగా అదే!

చేదు లేదని మాత్రం నేను మార్కు కోయలేదు. 2021 మార్గదర్శకాల్లో హేజీ ఐపీఏకి 25 నుంచి 60 ఐబీయూ (చేదు కొలత), అమెరికన్ ఐపీఏకి 40 నుంచి 70. హేజీ దగ్గరకి వెళ్ళి వెస్ట్ కోస్ట్ చేదు అడగడం న్యాయం కాదు. కోసింది గొంతు గీరినందుకు.

ఊరికే_తాగుతా:

మాస్టారూ, రూపానికి 3 మార్కులే అయితే ఆ నురగ గురించి మనవాడు అంత రాయడం దేనికి 😄 నాకు తెలిసిన లెక్క ఒక్కటే, ఇంకోటి తెరుస్తానా లేదా.

కాకపోతే అతిథుల చెయ్యి ఉందో లేదో తేల్చుకోవాలంటే దారుంది. ఇంటివాళ్ళ మామూలు హేజీ ఒకటి తెచ్చుకోండి. ఇంకెవరితోనైనా మూడు గ్లాసుల్లో పోయించండి, రెండింట్లో ఒకటే బీర్, మూడోదాంట్లో రెండోది. మీకు చూపించకూడదు. వేరేది ఏదో పట్టుకోండి. ఊహతో కొట్టినా మూడింట ఒక వంతు తగిలే అవకాశం ఉంది కాబట్టి గ్లాసులు మార్చి మళ్ళీ మళ్ళీ చెయ్యాలి. పట్టుకోలేకపోతే ఆ రెండో పేరు క్యాన్ మీద మాత్రమే ఉన్నట్టు.

చేదుప్రియ:

కాగు గారూ, చూశాను. కాచింది హేజీవాళ్ళ దగ్గరే.

మీరు చెప్పినట్టు రెండో క్యాన్ ఫ్రిజ్‌లో నిలబెట్టి నిన్న తెరిచాను. అడుగున వేలెడు మడ్డి వదిలేశా. గొంతు మంట పోయింది. అది పోయాక చివర్లో కొంచెం చేదు కూడా కనిపించింది, పంపరపనస పొరని కొరికినట్టు. జామ తగ్గింది, ద్రాక్ష ముందుకొచ్చింది. 3.75కి మార్చాను. 4 ఇవ్వబోయి ఉల్లి దగ్గర ఆగిపోయాను, ఈసారి ఇంకా స్పష్టంగా ఉంది. ఇది కూడా కూర్చుంటే దిగిపోతుందా?

కాగు_దగ్గరోడు:

దిగదు. హాప్స్ కోత ఆలస్యమైతే వచ్చే వాసన అది, కొన్ని రకాలకి ఉల్లి, వెల్లుల్లి గుణం తోటలోనే పట్టేస్తుంది. మీరు రాసిన మూడింట్లో నా అనుమానం మొజాయిక్ మీద. అదే బ్రూవరీ మొజాయిక్ ఒక్కటే వేసి చేసింది దొరికితే పక్కన పెట్టి వాసన చూడండి, తేలిపోతుంది. మూడు గ్లాసుల పరీక్ష చేస్తే ఫలితం ఇక్కడే రాయండి.