సంతలో చవగ్గా దొరికే పెద్దకత్తి కొనొచ్చా?

మాది పలాస దగ్గర. పనస పొట్టు కొట్టడానికి, నాటుకోడి ముక్కలకి పెద్దకత్తి కావాలి. సంతలో 250 రూపాయలకి తళతళలాడే స్టీల్ కత్తి చూశాను. చేతిలో మరీ తేలికగా ఉంది, ఇనుము పిడిలోకి ఎంతవరకు దిగిందో కనబడలేదు. పోయినేడు ఇలాంటిదే కొంటే నాలుగో పనసకాయకే అంచు మడతపడింది, పిడి ఊగింది. అమ్మ ఏమీ అనకుండా మళ్లీ కత్తిపీట తీసింది.

కమ్మరాయన లారీ కమాన్ పట్టీతో 700కి చేసిస్తానంటున్నాడు. అది గట్టిదే, పదును నిలుస్తుంది. కానీ తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది, మా ఇంట్లో తుడిచిపెట్టే అలవాటు ఎవరికీ లేదు (నాతో సహా).

చవకది కొని, సాన పట్టించుకుంటూ వాడుతున్నవాళ్లు ఉన్నారా? ఎముక తగిలినా అంచు ఆగిందా? కొనేముందు దుకాణంలోనే ఏం చూసి తేల్చుకోవాలో కాస్త చెప్పండి.