కిల్పాక్ పాత రిపోర్టుల్లో ‘కారణం: గంజాయి’ అని ఉంటే ఎంతవరకు నమ్మాలి?

పెరంబూర్_గ్రంథాలయం

చెన్నైలో మా తెలుగు గ్రంథాలయం తరఫున కిల్పాక్ మానసిక వైద్యశాల చరిత్ర మీద చిన్న ప్రదర్శన పెడుతున్నాం. మదరాసు ప్రెసిడెన్సీ అసైలమ్‌ల (ఆనాటి పిచ్చాసుపత్రుల) వార్షిక రిపోర్టులు స్కాట్లండ్ నేషనల్ లైబ్రరీ వాళ్ళ సైటులో దొరికాయి. చదువుతుంటే కొన్ని సందేహాలు వచ్చాయి. ‘పిచ్చికి కారణం’ అనే పట్టికలో గంజాయి పదే పదే కనిపిస్తోంది. దాన్ని పెద్ద బొమ్మగా వేసి పెడదామా? మరణాల శాతం ఒక పుస్తకంలో ఒకలా, ఇంకో దాంట్లో ఒకలా ఉంది, ఏది సరైనది? ఆసుపత్రి పుట్టిన ఏడు 1794 అని కొందరు, 1871 అని కొందరు రాస్తున్నారు. ఏది వేయాలి? బెంగళూరు అసైలమ్ గురించి కూడా ఒక బోర్డు పెట్టాలని ఉంది. తెలిసినవారు చెప్పగలరు.

పాత_దస్తావేజు

ముందు గంజాయి సంగతి చెప్తానండీ, బోర్డు తప్పుదారి పట్టేది అక్కడే. దయచేసి ఆ బొమ్మ వేయకండి.

ఆ కాలమ్‌లోకి మాట ఎలా వచ్చిందో చూడండి. 1858 నాటి 36వ చట్టం (అసైలమ్‌ల చట్టం) ప్రకారం, మతి చెడి తిరుగుతున్న మనిషిని పోలీసులు పట్టుకుని మేజిస్ట్రేటు ముందుకు తేవాలి. మేజిస్ట్రేటు డాక్టరు సాయంతో పరీక్షించి, డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే అసైలమ్‌కు పంపాలి, లేదా పూచీ తీసుకుని బంధువులకు అప్పగించాలి. అసైలమ్‌కు పంపేటప్పుడు మనిషితో పాటు ఒక వివరాల పత్రం వెళ్ళేది. పేరు, వయసు, కులం, ఊరు, జబ్బు ఎన్నాళ్ళ నుంచి, కారణం ఏమిటి అని గళ్ళు. సంతలోనో రోడ్డు మీదో దొరికిన మనిషి, తన పేరే చెప్పలేని స్థితిలో ఉన్నాడు, అతణ్ణి ఎరిగినవాళ్ళు పక్కన ఎవరూ లేరు. ‘కారణం’ గడిలో పోలీసు ఏం రాయగలడు? గంజాయి తాగుతాడా అని నలుగుర్ని అడిగేవాడు. ఒక్కరు అవునన్నా ఆ మాటే గడిలోకి ఎక్కేది. తెలియదని రాయడం కన్నా ఏదో ఒకటి రాయడమే తేలిక. అసైలమ్ రిజిస్టరులోకి అదే ఎక్కింది, అక్కడి నుంచి వార్షిక పట్టికకు, పట్టిక నుంచి గంజాయితో పిచ్చి వస్తుందన్న వాదనకు.

ఇది నా ఊహ కాదు. 1893-94లో గంజాయి వాడకం మీద ప్రభుత్వం వేసిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ ఈ లెక్కలనే తవ్వి చూసింది. 1892లో దేశంలోని అసైలమ్‌లలో కొత్తగా చేరిన 1,344 మందిలో 222 మందికి కారణం గంజాయి, భంగు, చరస్ అని రాసి ఉంది. ఒక్కో కేసునూ ఆ మనిషి ఊరి దాకా వెనక్కి వెళ్ళి విచారించాక నిలబడ్డవి 98. అందులోనూ 37 కేసుల్లో గంజాయితో పాటు వేరే కారణాలు కలిసి ఉన్నాయి, ఒక్క గంజాయే అనదగ్గవి 61. అంటే రిజిస్టరు ప్రకారం వందకు పదహారున్నర, విచారించాక ఏడు పైచిలుకు. బొమ్మ వేయాలనే ఉంటే ఈ రెండు గీతలూ పక్కపక్కన వేయండి. గంజాయి ఎవరికీ హాని చేయదని దీని అర్థం కాదు, ఆ గడి రాసినవాడు డాక్టరు కాదని మాత్రమే.

జబ్బుల పేర్లతో ఇంకో చిక్కుంది. ఆ రిపోర్టుల్లో ‘డిమెన్షియా’ అంటే ఇవాళ మనం అనుకునే ముసలితనపు మతిమరుపు కాదు. ఏళ్ళ తరబడి జబ్బు ముదిరి మనసు మొద్దుబారిపోయిన స్థితికి ఆ పేరు పెట్టేవారు, పాతికేళ్ళవాళ్ళకూ రాసేవారు. ‘అమెన్షియా’ అంటే పుట్టుకతో వచ్చిన బుద్ధిమాంద్యం. ఐరోపా వాళ్ళ కేసుల్లో ‘జనరల్ పెరాలిసిస్’ అని ఉంటే అది సిఫిలిస్ మెదడుకు ఎక్కడం. ఆ క్రిమిని రోగుల మెదడులో చూపించింది 1913లో, కాబట్టి ఆనాటి డాక్టర్లకు సంబంధం పక్కాగా తెలియదు.

లెక్కల_పంతులు_మైలాపూర్

మరణాల శాతానికి వస్తాను. రెండూ సరైనవే కావచ్చు, దేనితో భాగించారన్నదే తేడా. ఊహించిన అంకెలతో చూద్దాం. ఏడాది మొదట్లో 300 మంది ఉన్నారు, ఏడాదిలో 100 మంది చేరారు, 33 మంది చనిపోయారు, రోజుకు సగటున ఉన్నవాళ్ళు 310. మొత్తం చికిత్స పొందిన 400 మందితో భాగిస్తే 8.25 శాతం. రోజువారీ సగటుతో భాగిస్తే 10.6. చావు ముప్పు అంచనాకు సగటుతో భాగించడమే మేలు. ఎందుకంటే రెండు వారాలుండి వెళ్ళినవాడు, పన్నెండు నెలలూ ఉన్నవాడు 400లో సమానంగా లెక్కకొస్తారు.

‘క్యూర్డ్’ (నయమైంది) అన్న అంకె ఇంకా జారుడు. 30 మందికి నయమైతే కొత్తగా చేరినవారి మీద 30 శాతం, మొత్తం మీద ఏడున్నర. మొదటిది చదివితే ఆసుపత్రి గొప్పగా నడిచినట్టు, రెండోది చదివితే ఎవరూ బాగుపడనట్టు ఉంటుంది. ఏ భాజకమో బోర్డు మీద రాయకుండా శాతం వేయకండి. ‘ఇంప్రూవ్డ్’ (కొంత మెరుగు) అని పంపేసినవాళ్ళను ‘క్యూర్డ్’లో కలపొద్దు కూడా.

నేరం కేసుల్లో వచ్చినవాళ్ళను విడిగా చూడాలి. విచారణకు తగిన స్థితిలో లేడని పంపినవాడు ఒకరకం, నేరం చేసినప్పుడు మతి లేదని అప్పటి శిక్షాస్మృతి (ఐపీసీ) 84వ సెక్షన్ కింద నిర్దోషిగా తేలినవాడు ఇంకోరకం. ఈ రెండోవాడికి మతి కుదిరినా ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చేదాకా గేటు దాటే వీలుండేది కాదు. బాగైన మనిషి ఏళ్ళ తరబడి లోపలే ఉండిపోతే సగటులో ఉంటాడు, ‘క్యూర్డ్’లో ఉండడు.

చావులకు కారణాలు చూస్తే మీకే తెలుస్తుంది: నీళ్ళ విరేచనాలు, జిగట విరేచనాలు, క్షయ, కలరా. పిచ్చితో పోయినవాళ్ళు కాదు వీళ్ళు, ఇరుకు గదులకూ చెడ్డ నీళ్ళకూ పోయినవాళ్ళు. వచ్చేటప్పటికే చిక్కి శల్యమై ఉండటం ఇంకో కారణం. అందుకే 1876-78 కరువు ఏళ్ళ అంకెల్ని మామూలు ఏళ్ళతో కలిపి సగటు తీయకండి.

మదరాసు_తెలుగు

తేదీల మాట. 1794లో వాలెంటైన్ కొనోలీ అనే కంపెనీ సర్జన్ మదరాసులో పెట్టినది సొంత వ్యాపారం లాంటిది. రోగుల కోసం కంపెనీ డబ్బు కట్టేది. ఇప్పటి కిల్పాక్ స్థలానికి, లోకాక్ తోటకు, మారింది 1871లో. అది ప్రభుత్వ అసైలమ్. 1922లో మెంటల్ హాస్పిటల్ అని పేరు మార్చారు, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ అయ్యింది 1970ల చివర్లో. కాబట్టి ‘సంస్థ మూలం 1794, ఈ ప్రాంగణం 1871’ అని రెండూ వేయండి.

ఒక పొరపాటు చాలా వ్యాసాల్లో చూశాను. గొలుసులు, కట్లు లేని వైద్యం తెచ్చిన కొనోలీ మన మదరాసు ఆయనేనని రాస్తారు. ఆ వైద్యం తెచ్చినది జాన్ కొనోలీ, 1839లో లండన్ దగ్గర హాన్‌వెల్ అసైలమ్‌కు వచ్చినాయన. ఇద్దరూ వేరు.

తెలుగు పాఠకుల కోసం వాల్తేరును మరిచిపోకండి. ఉత్తర సర్కారు (కోస్తా ఆంధ్ర) జిల్లాలవాళ్ళకు అసైలమ్ అక్కడే ఉండేది, కాలికట్‌లో ఇంకొకటి. అవే రిపోర్టుల్లో మూడింటి లెక్కలూ పక్కపక్కనే ఉంటాయి. ఒక్క మదరాసు వరస చూసి ‘తెలుగువాళ్ళు తక్కువ’ అని తేల్చేయడం తప్పు.

జయనగర్_వాసి

బెంగళూరు అసైలమ్ 1840ల చివర్లో సర్జన్ చార్లెస్ ఇర్వింగ్ స్మిత్ చేతుల మీద మొదలైంది. 1925లో మెంటల్ హాస్పిటల్ అయ్యింది, 1930లలో హోసూరు రోడ్డు వైపు కొత్త ప్రాంగణానికి వెళ్ళింది. పక్కన 1954లో కేంద్రం పెట్టిన సంస్థ, ఈ ఆసుపత్రి 1974లో కలిసి నిమ్హాన్స్ (బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ) అయ్యాయి.

రికార్డుల కోసం వెతికేవాళ్ళు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు పత్రాగారంలో మొదలుపెట్టి విసిగిపోతారు. బెంగళూరు మదరాసు ప్రెసిడెన్సీ కాదు, మైసూరు సంస్థానం. 1831 నుంచి 1881 దాకా బ్రిటిష్ కమిషన్ పాలనలో ఉన్నా కాగితాలు మైసూరువే, కాబట్టి కర్ణాటక రాజ్య పత్రాగారంలో చూడాలి. ఏటేటా వచ్చే మైసూరు పాలనా రిపోర్టుల్లో వైద్యం అధ్యాయంలో అసైలమ్ పేరా ఉంటుంది, అక్కడ మొదలుపెట్టండి.

ఎగ్మోర్‌లో కిల్పాక్ కోసం వెతికేటప్పుడు ఆ ఏటి ఇండెక్సు చూసి జీవో నంబరు, తేదీ, శాఖ మూడూ రాసుకుని వెళ్ళండి. ఒకటి తగ్గినా కట్ట బయటికి రాదు. వైద్యం ఒక్కటే చూసి ఊరుకోకండి: నేరం కేసుల ఉత్తర్వులు జ్యుడిషియల్‌లో, గోడలూ బావులూ పబ్లిక్ వర్క్స్‌లో ఉంటాయి. నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చేవో తెలిస్తే పైన పంతులుగారు చెప్పిన విరేచనాల చావులు అర్థమవుతాయి.

పెరంబూర్_గ్రంథాలయం

అందరికీ కృతజ్ఞతలు. గంజాయి బొమ్మ తీసేసి, పోలీసు పత్రం గళ్ళనే పెద్దగా చూపిస్తాం. ఒక్క ప్రశ్న: పాత కేసు పుస్తకం పేజీ దొరికితే ఫోటో పెట్టొచ్చా?

పాత_దస్తావేజు

వార్షిక రిపోర్టుల్లో మామూలుగా పేర్లు ఉండవు, ఒకసారి చూసుకుని పెట్టండి. కేసు పుస్తకంలో పేరు, తండ్రి పేరు, కులం, ఊరు అన్నీ ఉంటాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ రోగి వివరాల గోప్యతను హక్కుగా చెప్తోంది. వందేళ్ళు దాటిన కాగితమైనా ఆ మర్యాద పాటించండి. పేరొక్కటే చెరిపితే సరిపోదు. చిన్న పల్లెటూరు, కులం, వృత్తి కలిపితే ఆ ఇంటివాళ్ళకు ఇవాళ్టికీ తెలిసిపోతుంది. ఊరు బదులు జిల్లా వేసి, కులం గడి పూర్తిగా కప్పేయండి.