కోడ్ ఎడిటర్లు పంపే వాడుక సమాచారాన్ని ఆపడం ఎలా?

ప్రశ్న (నల్లగొండ): మిర్యాలగూడ రైస్‌ మిల్లులకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. మేము వాడే విజువల్ స్టూడియో కోడ్ (కోడ్ రాసే ఎడిటర్), డాట్‌నెట్ (ప్రోగ్రాములు తయారుచేసే సాధనాల సమితి) రెండూ వాడుక వివరాలను మైక్రోసాఫ్ట్‌కు పంపుతాయని విని, తమ ధాన్యం కొనుగోలు ధరలు కూడా బయటికి పోతాయేమోనని మిల్లు యజమానులు అడుగుతున్నారు. వారికి ఏమని చెప్పాలి?

జవాబు (మహబూబ్‌నగర్): టెలిమెట్రీలో, అంటే ఇలా తనంతట తానుగా వెళ్లే వాడుక సమాచారంలో, సాధారణంగా వెళ్లేవి ఏ ఫీచర్ వాడారు, ప్రోగ్రాం ఎక్కడ ఆగిపోయింది వంటి వివరాలే తప్ప మీ ఫైళ్లలోని ధరలు కావు. అయినా ఆపివేయడమే మంచిదండీ. ఎడిటర్ సెట్టింగులలో ‘టెలిమెట్రీ లెవెల్’ అని వెతికితే ఆల్, ఎర్రర్, క్రాష్, ఆఫ్ అనే నాలుగు స్థాయులు కనిపిస్తాయి, ఆఫ్ ఎంచుకోండి. డాట్‌నెట్ కమాండ్లకు అది వర్తించదు కాబట్టి, వాటి టెలిమెట్రీ ఆప్టౌట్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు (ప్రోగ్రాములు చదువుకునేలా కంప్యూటర్‌లో ఒక పేరుతో ఉంచే సెట్టింగు) 1 అనే విలువను ప్రతి కంప్యూటర్‌లోనూ విడిగా ఇవ్వాలి.

జవాబు (సూర్యాపేట): ఇతరులు తయారుచేసిన ఎక్స్‌టెన్షన్లు (ఎడిటర్‌కు అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాములు) ఎడిటర్‌లోని ఆ టెలిమెట్రీ సెట్టింగును తప్పక పాటిస్తాయన్న హామీ లేదు. ముఖ్యంగా ఆన్‌లైన్‌లో పనిచేసే ఏఐ సహాయకాలు సూచనలు ఇవ్వడం కోసం మీ కోడ్ భాగాలనే సర్వర్‌కు పంపుతాయి. టెలిమెట్రీ ఆఫ్ చేసినంత మాత్రాన అది ఆగదు. యజమానులు నిజంగా భయపడవలసింది దీని గురించేనని నా అభిప్రాయం. అసలు ధరల పట్టికను కోడ్ ఫోల్డర్‌లో ఉంచకుండా, పరీక్షలకు కల్పిత అంకెలు వాడండి.

ప్రశ్నించినవారు: ఇద్దరికీ కృతజ్ఞతలు. ధరల ఫైలు ఆ ఫోల్డర్‌లోనే ఉంది; ముందుగా దానిని తీసివేసి, తరువాత ఎక్స్‌టెన్షన్లను ఒక్కొక్కటిగా పరిశీలిస్తాం.