డైరెక్టరే బావమరిది పేరుతో పోటీ ఫ్యాక్టరీ పెడితే కంపెనీకి దారేమిటి?

ప్రశ్న (ఒంగోలు)
చీమకుర్తి గెలాక్సీ గ్రానైటును కోసి పాలిష్ పట్టే మా ప్రైవేటు లిమిటెడ్ కంపెనీలో ముగ్గురం డైరెక్టర్లం. నాకు 35, మా చిన్నాన్న గారికి 25, ఎగుమతి బేరాలు చూసే మూడో ఆయనకు 40 శాతం వాటాలున్నాయి. ఆయన తన బావమరిది పేరుతో మరో ఫ్యాక్టరీ పెట్టించి మా బయ్యర్లను అటు మళ్లిస్తున్నారని చాలాకాలంగా అనుమానం. మొన్న ఒక బయ్యరు పొరపాటున నాకు పంపిన ఆ ఫ్యాక్టరీ కొటేషన్‌లోని ఫొటోలో, స్లాబు అంచున మా మేస్త్రీ ఎర్రరంగుతో వేసిన నంబరు స్పష్టంగా కనిపించింది. అడిగితే, "అందులో నా పేరు ఎక్కడుందో చూపించండి" అంటున్నారు.

జవాబు (కంపెనీ సెక్రటరీ, నెల్లూరు)
రెండు కంపెనీల్లో డైరెక్టరుగా ఉండటం దానంతట అదే తప్పు కాదు; 2013 కంపెనీల చట్టం 20 కంపెనీల వరకూ అనుమతిస్తుంది. అయితే సెక్షన్ 166 ప్రకారం, కంపెనీ ప్రయోజనానికి అడ్డొచ్చే ప్రత్యక్ష, పరోక్ష ఆసక్తి ఉన్న పరిస్థితిలో డైరెక్టరు దిగకూడదు. బావమరిది ఆ చట్టం చెప్పే బంధువుల జాబితాలో లేడన్నది నిజమే (మన ఊళ్లలో ఎవరూ నమ్మరు!), కానీ అదే సెక్షన్ భాగస్వాముల, సహచరుల కోసం చేసిన అనుచిత లాభాన్నీ పట్టుకుంటుంది; రుజువైతే అంత మొత్తం కంపెనీకి కట్టాలి, ఆపైన లక్ష నుంచి 5 లక్షల వరకు జరిమానా.
మీ ఇద్దరి 60 శాతంతో సెక్షన్ 169 కింద సాధారణ తీర్మానంతోనే (సగానికి మించిన ఓట్లు చాలు) ఆయనను తొలగించవచ్చు. సమావేశానికి కనీసం 14 రోజుల ముందు ప్రత్యేక నోటీసు కంపెనీకి అందాలి, ఆయన వాదన వినిపించుకునే అవకాశమూ ఇవ్వాలి.

జవాబు (న్యాయవాది, ఒంగోలు)
తొలగించినా ఆయన 40 శాతం వాటాదారుగానే ఉంటారు, పోయిన ఆర్డర్లూ తిరిగి రావు. అందుకని కంపెనీ వ్యవహారాల్లో అణచివేత, దుర్నిర్వహణపై వాటాదారులు ఫిర్యాదు చేసుకునే సెక్షన్ 241, 242 కింద జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ అమరావతి బెంచ్‌కు వెళ్లే విషయం ఆలోచించండి. పదో వంతు వాటా చాలు కనుక మీకు అర్హత ఉంది. ఆ కొటేషన్ వచ్చిన ఫోన్‌లో దాన్ని చెరిపేయకండి; ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ధ్రువపత్రంతోనే అది సాక్ష్యంగా నిలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు
నోటీసు సంగతి తెలిసి ఆయనే రాజీనామా చేస్తానంటున్నారు. మేము ఒప్పుకోకపోతే?

జవాబు (కంపెనీ సెక్రటరీ, నెల్లూరు)
మీ ఒప్పుదల అక్కర్లేదు. ఆయన రాజీనామా నోటీసు కంపెనీకి అందిన రోజు, అందులో రాసిన తేదీ, వీటిలో ఏది తరువాతిదైతే ఆ రోజు నుంచి అది అమల్లోకి వస్తుంది. పదవిలో ఉండగా చేసిన నేరాలకు బాధ్యత మాత్రం అప్పటికీ పోదు. బయటికెళ్లాక సొంతంగా వ్యాపారం చేసుకోవడాన్ని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 వల్ల సాధారణంగా ఆపలేరు కాబట్టి, ఆ తేదీలోపే బయ్యర్ల ఈమెయిల్ పాస్‌వర్డు, రేట్ల ఫైళ్లు రాతపూర్వకంగా అప్పగింపు తీసుకోండి.