బాపుకి థైమస్ ఇంజెక్షన్లు వేయించాలా వద్దా? మీరేమంటారు

ఓరుగల్లు చిన్నోడు

మా బాపుకి 71. పోయిన చలికాలంలో రెండుసార్లు న్యుమోనియా వచ్చి అడ్మిట్ చేశాం. పొద్దున వడ్డేపల్లి చెరువు కట్ట మీద వాకింగ్‌కి వచ్చే బ్యాచ్‌లో ఒకాయన ఏదో యాంటీ ఏజింగ్ క్లినిక్ నుంచి థైమోసిన్ ఆల్ఫా వన్ అనే ఇంజెక్షన్ తెప్పించుకుంటున్నారట. వారానికి రెండు. ఆరు నెలలు పొడిపించుకుంటే ఇమ్యూనిటీ ముప్పై ఏళ్ల పిల్లగాడిలా అవుతదని చెప్పారట. అప్పటి నుంచి బాపుది ఒకటే పట్టు. నెలకి అయ్యే ఖర్చు మా ఇంటి కిరాయి కంటే ఎక్కువ. వయసు పైబడితే థైమస్ గ్రంథి ఎండిపోతదన్నది నిజమేనా? నిజమైతే అందులో తయారయ్యేదాన్ని బయట నుంచి ఇస్తే తప్పేంటి? తెలిసినవాళ్లు చెప్పండి, తిట్టకండి.

మటన్ షాపు మనవడు

ఎండిపోయేది నిజమే అన్నా, నేను కళ్లతో చూసిన. లేత మేకపిల్లను కోస్తే మెడలో గొంతు గొట్టానికి ఆనుకొని తెల్లగా, మెత్తగా, కొంచెం గులాబీ రంగులో ఒక ముద్ద ఉంటది. ముదురు పోతులో అదే జాగాలో వెతికితే కొవ్వే. అది థైమస్ అని ఇంటర్ బైపీసీలో చేరినాక తెలిసింది. మరి అది వండుకొని తింటే సరిపోదా? ఇంజెక్షన్ ఎందుకు?

రిటైర్డ్ జువాలజీ

తింటే సరిపోదు బాబూ. ఆ మందు ఒక పెప్టైడ్, అంటే చిన్న ప్రోటీన్ ముక్క. కడుపులోకి పోయాక పప్పూ అదీ ఒకటే, అరిగిపోతుంది. అందుకే సూది.

ఇక అసలు ప్రశ్న. థైమస్ ఛాతీ ఎముక వెనక, గుండెకు పైన ఉంటుంది. ఎముక మజ్జ నుంచి వచ్చిన పచ్చి కణాలు అక్కడ చేరి టి కణాలుగా, అంటే జబ్బులతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలుగా తయారవుతాయి. సొంత ఒంటి మీదే దాడి చేసేవాటిని అక్కడే ఏరి చంపేస్తుంది. 1961లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకల్లో ఈ గ్రంథిని తీసేస్తే గానీ దాని పని ఏమిటో బయటపడలేదు. అప్పటిదాకా చాలామంది దాన్ని పనికిరాని అవయవమనే అనుకున్నారు. యవ్వనం నుంచే అది కుంచించుకుపోతూ వస్తుంది. ఒంట్లో పాత జబ్బులను గుర్తుపట్టే కణాలు మిగులుతాయి, కొత్త జబ్బును ఎదుర్కొనే కొత్త టి కణాలు తగ్గిపోతాయి.

పెద్దవాళ్లలో ఉన్న ఆ కొంచెం థైమస్ కూడా వృథా కాదు. ఛాతీ ఆపరేషన్‌లో దాన్ని తీసేసిన పెద్దవాళ్లను, తీయనివాళ్లతో పోల్చి 2023లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. ఐదేళ్లలో తీసేసినవాళ్లలో 8.1 శాతం మంది చనిపోతే, మిగతావాళ్లలో 2.8 శాతం. కాబట్టి మీ బాపు దిగులు ఉత్తది కాదు.

కానీ ఆ ఇంజెక్షన్ గ్రంథిని మళ్లీ పెంచదు. థైమోసిన్ ఆల్ఫా వన్ అంటే 28 అమైనో ఆమ్లాల గొలుసు. ఉన్న కణాలను తట్టి లేపుతుంది, అంతవరకే. బడి మూతపడిన ఊళ్లో గంట కొడితే కొత్త పిల్లలు రారు కదా.

కట్ట బ్యాచ్ మెంబర్

ఆ "ఒకాయన" నేనే. బిడ్డా, మీ బాపు నా దోస్తు, ఆయనను మోసం చేస్తనా? ముప్పై ఏళ్ల పిల్లగాడు అన్న మాట ఊపులో అన్న, అది తప్పే. మిగతాది వినండి.

ఇది నిన్న మొన్నటి మందు కాదు. 1960ల్లో అలన్ గోల్డ్‌స్టీన్, అబ్రహాం వైట్ దూడల థైమస్ నుంచి థైమోసిన్ తీశారు. ఆల్ఫా వన్ అందులోంచే వచ్చింది. చైనాలో హెపటైటిస్ బికి దశాబ్దాలుగా వాడుతున్నారు. 1989లో అమెరికాలో 65 దాటిన మగవాళ్లకు ఫ్లూ టీకాతో పాటు ఇది ఇచ్చి చూస్తే యాంటీబాడీలు ఎక్కువ వచ్చాయి. సైడ్ ఎఫెక్ట్స్ తక్కువ. మరి మాలాంటి ఆరోగ్యవంతుల మీద పెద్ద ట్రయల్ ఎందుకు లేదంటే, పాత మందు, దాని మీద కోట్లు పెడితే కంపెనీకి ఏమొస్తది? పరీక్షించలేదు అన్నదానికీ పని చేయదు అన్నదానికీ తేడా లేదా సార్?

రిటైర్డ్ జువాలజీ

తేడా ఉంది, ఒప్పుకుంటా. ఈ థ్రెడ్‌లో అన్నిటికంటే మంచి పాయింట్ అదే.

రెండో ఏడు పీజీ

అంకుల్, పెద్ద ట్రయల్ లేదనకండి. ముసలితనం మీద లేదు గానీ సెప్సిస్ మీద, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే జబ్బు మీద ఉంది. చైనాలో 22 ఆసుపత్రులు, 1106 మంది పేషెంట్లు, సగం మందికి మందు, సగం మందికి ఉత్త సూది. 2025లో ఫలితం వచ్చింది. 28 రోజుల్లో మందు తీసుకున్నవాళ్లలో 23.4 శాతం, తీసుకోనివాళ్లలో 24.1 శాతం చనిపోయారు. అంటే తేడా లేనట్టే.

కట్ట బ్యాచ్ మెంబర్

అదే ట్రయల్‌లో 60 దాటినవాళ్లకు మేలు కనిపించిందని కూడా రాశారు కదా డాక్టరమ్మా? అది వదిలేశారేం?

రెండో ఏడు పీజీ

వదల్లేదు అంకుల్, మీరు తెస్తారనే ఆగాను. 60 దాటినవాళ్లలో మేలు ఉన్నట్టు కనిపించింది, నిజమే. 60 లోపువాళ్లలో కీడు ఉన్నట్టు కనిపించింది, అదీ అక్కడే ఉంది. మొదటిది నమ్మితే రెండోదీ నమ్మాలి. బిర్యానీలో ముక్కలు మాత్రమే ఏరుకుంటానంటే ఎలా? అలా కనిపించినదాని మీద మళ్లీ విడిగా ట్రయల్ చేయాలి, అప్పటిదాకా అది ఊహే.

ఇంకో మాట. ముసలి ఇమ్యూనిటీని లేపలేం అన్నది కూడా అబద్ధం. సర్పి టీకా ఉంది, నడుము చుట్టూ నీటి పొక్కులు వచ్చి మంటలు పుట్టిస్తుందే, దానికి. కొత్త రకం టీకాలో ఒంటిని గట్టిగా రెచ్చగొట్టే పదార్థం కలుపుతారు. 70 దాటినవాళ్లలో కూడా దాదాపు 90 శాతం కాపాడింది. థైమస్ ఎండినా సరే. చిన్నోడు అన్నా, బాపుకి న్యుమోకోకల్ టీకా, అదే న్యుమోనియా రాకుండా వేసేది, వేయించారా? ఏటా ఫ్లూ టీకా?

ఓరుగల్లు చిన్నోడు

రెండూ వేయించలేదు. రెండుసార్లు డిశ్చార్జ్ అయ్యాం, ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

మటన్ షాపు మనవడు

జింక్ గోలీలు వేసుకుంటే థైమస్‌కి మంచిదని మా అక్క అంటది, నిజమేనా?

రిటైర్డ్ జువాలజీ

సగం నిజం. థైములిన్ అని ఇంకో థైమస్ పెప్టైడ్ ఉంది, తొమ్మిది అమైనో ఆమ్లాలు. జింక్ అతుక్కుంటేనే అది పని చేస్తుంది. ఒంట్లో జింక్ తక్కువైతే లోటు తీర్చుకోవాలి. సరిపడా ఉన్నవాళ్లు గుప్పెళ్లు మింగితే రాగి లోపం వస్తుంది. వారానికోసారి మీ షాపు మటన్ తినేవాళ్లకి గోలీలెందుకు?

మెడికల్ షాపు కౌంటర్

అందరూ సైన్స్ మాట్లాడుతున్నారు, సీసా మీద ఏం రాసుందో ఎవరూ అడగట్లేదు. తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఉన్నాయా? ఎలా వచ్చింది, ఫ్రిజ్‌లోనా, కొరియర్‌లోనా? నెట్‌లో "థైమోసిన్" అని అమ్మేవాటిలో బీటా ఫోర్ కూడా ఉంటది. అది పూర్తిగా వేరే పెప్టైడ్, ఆటగాళ్లకు నిషేధం. పేరు చూసి మోసపోవద్దు. అంకుల్, ఒకసారి ఫోటో పెట్టండి.

ఓరుగల్లు చిన్నోడు

ఫోటో నేనే తీసిన. నిన్న సాయంత్రం అంకుల్ ఇంటికి పోయినం, బాపు కూడా వచ్చిండు. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన థర్మాకోల్ డబ్బా. వచ్చేటప్పటికే ఐస్ ప్యాక్ నీళ్లయిపోయిందట. గోటి అంత సీసాలు, అడుగున తెల్ల పొడి. లైసెన్స్ నంబరు లేదు. లేబుల్ చివర చీమ తలకాయంత అక్షరాల్లో ఇంగ్లీషులో ఒక లైను. ఫోన్‌లో జూమ్ చేసి చదివిన: పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు.

బాపు కాసేపు ఏం అనలేదు. తర్వాత "ఆ టీకాలు ఏ రోజు వేస్తరు?" అని అడిగిండు.

కట్ట బ్యాచ్ మెంబర్

కళ్లద్దాలు పెట్టుకొని కూడా ఆ లైను నాకు కనపడలేదు. ఎనిమిది పొడిపించుకున్న, ఇంకా నాలుగున్నయి. క్లినిక్ వాళ్లకు ఫోన్ చేస్తే ఎత్తుతలేరు. చిన్నోడా, టీకాలకు పోయేటప్పుడు నన్నూ తీసుకపో.

కానీ డాక్టరమ్మా, 1989 సంగతి మాత్రం నేను చెప్పింది తప్పు కాదు. అసలు మందు మీద, మా వయసువాళ్ల మీద ఎవరైనా సరిగ్గా ట్రయల్ పెడితే మొదటి పేరు నాది రాసుకోండి.