ఎడమ మోకాలు సరిగా వంగనివాళ్లు ఏటీవీ ఎక్కడం, దిగడం ఎలా?

మేముండేది బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో, శని ఆదివారాలు చింతామణి దగ్గర తోటకి వెళ్తాం. అక్కడ తిరగడానికి ఒక పాత ఏటీవీ (బైక్‌లా కాళ్లు అటూ ఇటూ వేసి కూర్చుని హ్యాండిల్‌తో నడిపే నాలుగు చక్రాల బండి) ఉంది, సీటు ఎత్తు నేల నుంచి 32 అంగుళాలు. సమస్య మా నాన్నగారికి, 62 ఏళ్లు. నడపడం బాగానే నడుపుతారు, ఎక్కడం దిగడమే కష్టం. ఎడమ మోకాలు సగానికి మించి వంగదు, బరువంతా దాని మీద వేస్తే నొప్పి.

మామూలుగా అయితే చదునైన చోట ఆపి, న్యూట్రల్ చేసి, ఇంజిన్ ఆపి, పార్కింగ్ బ్రేక్ వేసి, ఎడమ వైపు నుంచి ఎడమ కాలు ఫుట్‌రెస్ట్ మీద పెట్టి కుడి కాలు అవతలికి వేస్తాం కదా, ఆ ఎడమ కాలు పెట్టే దగ్గరే నాన్న ఆగిపోతున్నారు. ప్లాస్టిక్ స్టూల్ వేశాం, మెత్తటి మట్టిలో ఒక పక్కకి ఒరిగిపోయింది.

పోయిన ఆదివారం కుడి వైపు నుంచి ఎక్కించాం. బండి ఆన్‌లోనే, గేర్‌లోనే ఉంది (తప్పు మాదే, ఒప్పుకుంటా). పట్టు కోసం కుడి హ్యాండిల్ పట్టుకోగానే బొటనవేలు థ్రాటిల్‌కి (వేగం పెంచే మీటకి) తగిలి బండి ముందుకి దూకింది, పడలేదు కానీ గుండె ఆగినంత పనైంది. పైగా మా బండికి సైలెన్సర్ కూడా అటే, దిగేటప్పుడు పిక్క కాస్త కాలింది.

ఎడమ మోకాలి మీద బరువు పడకుండా, థ్రాటిల్, సైలెన్సర్ తగలకుండా ఎక్కి దిగే పద్ధతి మీలో ఎవరైనా వాడుతున్నారా?