ఆ బడి గదుల్లోకి పాపను తీసుకెళ్లవచ్చా?

హనుమకొండ నాన్న:
సంక్రాంతి సెలవుల్లో ఆంకోర్ వాట్ చూడడానికి కంబోడియా వెళ్తున్నాము. నాన్నగారు, నేను, మా ఆవిడ, పదకొండేళ్ల పాప. రాజధాని నామ్ పెన్‌లో ఒక రోజు ఆగినప్పుడు టువోల్ స్లెంగ్ మ్యూజియం (ఒకప్పుడు బడి, తర్వాత చిత్రహింసల జైలు) చూసి తీరాలంటున్నారు నాన్నగారు. ఆయనది బైరాన్‌పల్లి పక్క ఊరు. 1948 ఆగస్టు 27న రజాకార్లు బైరాన్‌పల్లి మీద పడి జనాన్ని కాల్చి చంపిన సంగతి పెద్దవాళ్ల నోట వింటూ పెరిగారు. పాపను కూడా తీసుకెళ్లవచ్చా? అంతమంది చిత్రహింసలు పడ్డ చోటును టికెట్ కొని చూడడం తగునా అని నాకు లోపల ఒకటే పీకుతోంది. వెళ్లి వచ్చినవారు చెప్పండి.

మానేరు తీరం:
నేను 2019లో వెళ్లానండీ. లోపలికి అడుగుపెట్టగానే మన ఊరి హైస్కూలే గుర్తొస్తుంది. నాలుగు భవనాలు, పొడవాటి వరండాలు, నడుమ చెట్లు. అది నిజంగానే బడి. 1975లో పోల్ పాట్ నాయకత్వంలోని ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు వర్గం అధికారానికి వచ్చాక దాన్ని జైలు చేసి ఎస్-21 అని పేరు పెట్టారు. 1979 జనవరిలో ఆ పాలన కూలేదాకా వేల మంది అక్కడికి వచ్చారు, ప్రాణాలతో బయటపడ్డవాళ్లు గుప్పెడు మంది. తరగతి గదిలో ఇటుకలు పేర్చి, మనిషి కాళ్లు చాపుకోవడానికి కూడా చాలని అరలు కట్టారు. ఒక భవనం వరండాలకు నిండా ముళ్లకంచె ఉంది. ఖైదీలు పైనుంచి దూకి చనిపోకుండా కట్టారట! చావు కూడా వాళ్ల చేతిలో లేదన్నమాట. అక్కడే చాలాసేపు నిలబడిపోయాను.

తీసుకొచ్చిన ప్రతి ఒక్కరికీ ఫొటో తీసేవారు. గోడల నిండా ఆ ముఖాలే. చంటిబిడ్డతో ఉన్న ఒక తల్లి ఫొటో నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఇక తగునా అన్నారు. నేను వెళ్లినప్పుడు, అక్కడ నరకం చూసి బతికిన చుమ్ మే అనే పెద్దాయన ఆ ఆవరణలోనే బల్ల వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్లతో మాట్లాడుతూ కనిపించారు. జనం రావాలని ఆయనే కోరుకున్నప్పుడు మనకు సంకోచం ఎందుకండీ? నవ్వకూడదని బొమ్మ గీసిన బోర్డు ఉంటుంది. దాన్ని పాటిస్తే చాలు.

కాజీపేట రైలు:
పాపను మాత్రం వద్దు. మా అబ్బాయికి పన్నెండేళ్లప్పుడు తీసుకెళ్లాను. ఇనుప మంచాలున్న గదులు చూశాక వారం రోజులు దీపం ఆర్పనివ్వలేదు. తొందరపడ్డానని ఇప్పటికీ బాధపడతాను.

ఇందూరు అమ్మమ్మ:
మా అమ్మాయి జపాన్‌లో ఉంటుంది. తొమ్మిదేళ్ల మనవడితో హిరోషిమా శాంతి స్మారక మ్యూజియం చూశాను. అక్కడ తుప్పు పట్టిన మూడు చక్రాల సైకిలు ఒకటి ఉంది. 1945 ఆగస్టు 6న ఆటంబాంబు పడినప్పుడు నాలుగేళ్లు కూడా నిండని ఒక పిల్లవాడు దాని మీద ఆడుకుంటున్నాడు. ఒంటరిగా ఎక్కడో పాతిపెట్టడానికి మనసొప్పక, తండ్రి వాణ్ణి సైకిలుతో సహా ఇంటి పెరట్లోనే పూడ్చాడు. నలభై ఏళ్లకు తవ్వి తీసి, సైకిలును మ్యూజియానికి ఇచ్చాడు. మావాడు భయపడలేదు. "ఆ నాన్న రోజూ పెరట్లోకి వెళ్లేవాడా అమ్మమ్మా?" అని అడిగాడు. పిల్లలకు ఒక్క వస్తువు, ఒక్క మనిషి కథ చాలు. కాలిన ఒళ్ల ఫొటోల దగ్గర మాత్రం చేయి పట్టుకుని గబగబా దాటించాను.

పరకాల పంతులు:
ఏటా మా పిల్లలను పరకాల అమరధామానికి తీసుకెళ్తాను. 1947 సెప్టెంబరు 2న జాతీయ జెండా ఎగరేయడానికి వచ్చినవాళ్ల మీద కాల్పులు జరిగింది ఈ ఊళ్లోనే. విమానం ఎక్కేముందు పాపకు మన గడ్డ మీద జరిగింది చూపించండి. తన తాతే చెప్పాలి, మీరు కాదు.

హనుమకొండ నాన్న:
అందరికీ నమస్కారాలు. పాప, వాళ్లమ్మ ఆ పూట నది ఒడ్డున ఉంటారు. నాన్నగారు, నేను వెళ్తాము.

పంతులుగారి మాట పట్టుకుని మొన్న ఆదివారం అందరం బైరాన్‌పల్లి వెళ్లాము. పాప బురుజు చుట్టూ తిరిగి వచ్చి, "అప్పుడు పిల్లలు ఎక్కడ దాక్కున్నారు తాతా?" అని అడిగింది. నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు, రజాకార్లు వస్తున్నారన్న రోజున వాళ్ల అక్కను వడ్ల గుమ్మిలో దించి, పైన గోనెసంచులు కప్పారట. నా నలభై రెండేళ్లలో నాకు ఎన్నడూ చెప్పలేదు ఆ మాట.